నాలుగేళ్లు వాడాక: ఎఫ్‌ఎంఆర్‌ఐ డ్రిఫ్ట్ తీసే పద్ధతులు

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా. పొద్దున సున్నా చూసిన కాటా మధ్యాహ్నానికి సున్నా మీద నిలవదని, మధ్యమధ్యలో ఖాళీగా చూసుకోవాలని అంటుండేవారు. ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడు పని చేస్తుండగా తీసే ఎంఆర్‌ఐ స్కాన్) సిగ్నల్‌తో నా గొడవా అదే, కాకపోతే ఇక్కడ కాటాని ఖాళీ చేసి చూసే వీల్లేదు. స్కాన్ నడిచినంతసేపూ సిగ్నల్ మెల్లగా పైకో కిందికో జారుతూనే ఉంటుంది, అదే డ్రిఫ్ట్. యంత్రం వేడెక్కడం ఒక కారణం, తల అణువణువుగా కదలడం ఇంకోటి. పని చేస్తున్నప్పుడు మెదడులో కనిపించే మార్పే ఒకటి రెండు శాతం, జారుడు దాన్ని అవలీలగా మింగేస్తుంది.

బ్రాడీపేటలో అద్దె గది, పాత కంప్యూటరు, ఎవరైనా దించుకోగల డేటా. వీటితోనే డ్రిఫ్ట్ తీసే మూడు సాఫ్ట్‌వేర్లూ (ఆఫ్ని, ఎస్‌పీఎం, ఎఫ్‌ఎస్‌ఎల్) వాడి చూశాను.

ఆఫ్ని పాలినామియల్ (జారుడుకి సరిపడే వంపు గీత) వేస్తుంది, ఒకటో డిగ్రీతో మొదలెట్టి సుమారు 150 సెకన్లకో డిగ్రీ చొప్పున పెంచుతూ. పది నిమిషాల రన్‌కి (ఆపకుండా సాగే ఒక స్కాన్) అయిదో డిగ్రీ. చిన్న రన్‌లకి హాయి. డిగ్రీ పెంచుకుంటూ పోతే మాత్రం మొదలూ చివరా తోక ఊపుతుంది.

ఎస్‌పీఎం కొసైన్ అలలు వాడుతుంది, కటాఫ్ 128 సెకన్లు, అంతకంటే నిదానపు మార్పుల్ని తీసేస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎల్‌లో మామూలుగా 100. నేను చేయి కాల్చుకున్నది ఎస్‌పీఎం దగ్గరే. ఒక డేటాలో 80 సెకన్లు పని, 80 సెకన్లు విశ్రాంతి. మెదడులో ఏ భాగం పని చేసిందో చూపే మ్యాప్ చూస్తే ఖాళీ. తల కదిలిందేమోనని రెండు వారాలు తవ్వాను, మధ్యలో కరెంటు పోయి ఒక రాత్రి పనంతా మళ్లీ మొదటికొచ్చింది. తీరా లెక్కేస్తే ఒక చుట్టు 160 సెకన్లు. 128 కంటే నిదానంగా కదిలేదంతా డ్రిఫ్టేననుకుని ఫిల్టర్ నా సిగ్నల్‌నే ఊడ్చేసింది! కటాఫ్ 320 చేశాక మెదడులో చూపుకి సంబంధించిన దృశ్య ప్రాంతం వెలిగింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ముందే ఉన్న అంకెని ముట్టుకోని నాది.

ఇంకో గోతిలోనూ పడ్డాను. డేటాని ముందు ఫిల్టర్ చేసేసి, ఆ తర్వాత తల కదలికల రిగ్రెసర్లని (ఆ కదలికల కొలతల వరసలు) ఫిల్టర్ చేయకుండానే వాటి ప్రభావాన్ని డేటాలోంచి తీసేశాను. వాటిలోనూ నిదానపు జారుడు ఉంటుంది కదా, తీసేసిన డ్రిఫ్ట్ దొడ్డిదారిన తిరిగొచ్చింది. ఇప్పుడు డ్రిఫ్టూ, కదలికలూ, పనీ అన్నీ ఒకే మోడల్‌లో వేస్తున్నా.

నా ఓటు ఎస్‌పీఎం కొసైన్లకే. ఏ పనీ ఇవ్వకుండా తీసే విశ్రాంతి స్కాన్‌కి మాత్రం జంకుతాను. అక్కడ 0.01 హెర్ట్జ్ (వంద సెకన్లకో అల) దాకా దిగే నిదానపు అలలే అసలు సరుకు, కటాఫ్ 100 అంటే సరిగ్గా ఆ అంచే.