క్యారేజీ మాని బడి భోజనం తిన్న ఏడాది: ఒక తల్లి సమీక్ష

మా అమ్మాయి రెండో తరగతి చదువుతోంది. 2025 జూన్‌లో బడి తెరిచిన కొద్ది రోజులకే ఇంటి నుంచి క్యారేజీ పంపడం మానేసి, బడిలో పెట్టే మధ్యాహ్న భోజనమే తినమన్నాను. మాది ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి ఒడ్డున ఒక పల్లె. అరవై మందికి లోపు పిల్లలున్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. నెలకు రెండు మూడుసార్లు భోజనాల వేళకు వెళ్ళి, పిల్లల పక్కన కూర్చుని నేనూ తిన్నాను. క్యారేజీయా, బడి భోజనమా అని తర్జనభర్జన పడుతున్న తల్లిదండ్రుల కోసం నేను చూసినది రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: బడి భోజనం నేను కట్టి పంపిన క్యారేజీ కంటే మెరుగ్గా ఉంది.

ఆ క్యారేజీలో ఏముండేదో నిజాయితీగా చెప్పాలి. ఉదయం ఏడుంపావుకు మూత బిగించిన నిమ్మకాయ పులిహోర, బంగాళాదుంప వేపుడు. తీరిక లేని రోజున రెండు ఇడ్లీలు, కాస్త పంచదార. అది పిల్ల నోటికి చేరేసరికి పన్నెండున్నర దాటేది. అయిదు గంటలు మూతపడి ఉన్న అన్నం గట్టిపడి, వేపుడు మెత్తబడి, సగం క్యారేజీ సాయంత్రం ఇంటికి తిరిగి వచ్చేది. అందులో పప్పు ఉండేది కాదు, ఆకుకూర అసలే ఉండేది కాదు. పిల్ల తినదన్న సాకుతో నేనే వాటిని పెట్టడం మానేశాను.

అంతకుముందు బడిలో తిననివ్వకపోవడానికి కారణం బియ్యం. లావు బియ్యం అన్నం ముద్దకట్టి, గొంతు దిగడం లేదని పిల్లలు వదిలేసేవారు. 2025 జూన్ నుంచి రాష్ట్రంలో బడులకు సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. ఈ ఒక్క మార్పుతో మా బడిలో కంచాల్లో మిగిలే అన్నం కళ్ళకు కనిపించేంతగా తగ్గింది. పోషకాల లెక్క ఎంత పక్కాగా వేసినా, పిల్ల కడుపులోకి వెళ్ళని అన్నానికి విలువ లేదు కదా.

బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు తేలుతున్నాయనీ, అవి ప్లాస్టిక్ బియ్యమనీ మా ఊళ్ళోనూ పుకారు లేచింది. అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపి గింజలుగా ఒత్తి, వంద గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలిపినవి. తేలుతున్నాయని ఏరి పారేస్తే పారేసేది ఆ పోషకాలనే. మా వంటమ్మకు ఈ సంగతి చెప్పిన తర్వాత ఏరడం మానేసింది.

ఇక పరిమాణం. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. మొత్తం మీద 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది దేశమంతటికీ ఉన్న ప్రమాణం. ఆంధ్రప్రదేశ్‌లో దానిపైన వారానికి అయిదు రోజులు గుడ్డు పెడతారు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కనుక, ఆ 12 గ్రాములకు ఇంకో సగం చేరినట్టే. నా పులిహోర క్యారేజీలో ఆ పూటకు ఏడెనిమిది గ్రాములు మించి ఉండి ఉండవు. ఈ పోలిక చూసుకున్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

గుడ్డు కాక, మా బడిలో సోమ, బుధ, శుక్రవారాల్లో వేరుశనగ చిక్కీ, మంగళ, గురు, శనివారాల్లో రాగిజావ ఇస్తున్నారు. చిక్కీ బాగుంటుంది, అయితే బెల్లం పాకం పళ్ళకు అంటుకుంటుంది కాబట్టి తిన్నాక నోరు పుక్కిలించమని పిల్లలకు చెప్పాలి. రాగిజావ గురించి మాత్రం కొంచెం నిదానంగా ఆలోచించాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందన్న మాట నిజమే. కానీ ఒక గ్లాసు జావలో 20 గ్రాముల పిండి కలిపినా 70 మిల్లీగ్రాములకు మించదు. బడిలో జావ తాగింది కదా అని ఇంట్లో పాలు, పెరుగు తగ్గించిన తల్లులను చూశాను. అది పొరపాటు.

నాకు అసంతృప్తి కలిగించినవి రెండు. మొదటిది ఆకుకూర పప్పు. తోటకూర కాడలు పొడుగ్గా ఉండిపోయి, పిల్లలు వేళ్ళతో ఏరి కంచం అంచున పెట్టేవారు. పప్పులోని మంచి భాగం అలా చెత్తబుట్టకు చేరుతుంటే చూడలేక, దసరా సెలవుల తర్వాత ఒకరోజు వంటమ్మతో మాట్లాడాను. "సన్నగా తరగాలంటే ఇంకో అరగంట పడుతుందమ్మా. అన్నం, పప్పు, గుడ్లు, జావ అన్నీ ఇద్దరమే చూసుకోవాలి," అంది. 26 నుంచి వంద మంది పిల్లల వరకు ఇద్దరు వంటవాళ్ళు అన్నది నియమం. వాళ్ళకిచ్చే గౌరవ వేతనాన్ని 2019లో నెలకు రూ.1,000 నుంచి రూ.3,000కు పెంచారు. ఎండలో, పొగలో, పెద్ద గుండిగలు దించుతూ చేసే పనికి అది ఏ మూలకూ చాలదని నా అభిప్రాయం. పిల్లల పళ్ళెం బాగుపడాలంటే ముందు ఆ చేతులకు తగిన ప్రతిఫలం దక్కాలి. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఇద్దరు తల్లులం వెళ్ళి ఆకుకూర తరిగి ఇస్తున్నాం. ఇప్పుడు కాడ పప్పులో కలిసిపోతోంది, కంచం అంచున ఏమీ మిగలడం లేదు.

రెండోది, మా బడి పళ్ళెంలో పెరుగు గానీ పండు గానీ నేను చూడలేదు. తెలుగు ఇంట్లో చివరి ముద్ద పెరుగన్నమే కదా. పప్పన్నంతో లేచిపోవడం పిల్లలకు వెలితిగానే ఉంటుంది.

2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా అప్పటికప్పుడు వండి పెట్టిన తల్లిగా మా వైపు పెద్దలు ఆవిడను తలచుకుంటారు. బడి భోజనం క్యారేజీని మించింది ఇక్కడే. పన్నెండున్నరకు వడ్డించే అన్నంలోంచి ఆవిరి వస్తుంటుంది, పప్పులో పోపు వాసన తెలుస్తుంటుంది, పక్కన తోటి పిల్లలు అదే తింటుంటారు. ఇంట్లో తోటకూర ముట్టని మా అమ్మాయి, బంతిలో కూర్చున్న స్నేహితురాలిని చూసి మారు వడ్డించమని అడగడం నేను స్వయంగా చూశాను.

అందుకే క్యారేజీ స్థానంలో ఇప్పుడు ఒక చిన్న స్టీలు డబ్బా మాత్రమే పంపుతున్నాను. కాలాన్ని బట్టి జామ ముక్కలో, బొప్పాయి ముక్కలో, కమలా తొనలో పెడతాను. పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి తోడ్పడుతుంది. జామలో అది నారింజ కంటే ఎక్కువ. పెరుగు పంపే రోజున ఉదయం గోరువెచ్చని పాలలో తోడు వేసి మూత పెడతాను; భోజనాల వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది, పులవదు. డబ్బా కొనేటప్పుడు మూతకున్న రబ్బరు రింగు ఊడి వచ్చేదై ఉండాలి. రోజూ తీసి కడగకపోతే రెండు వారాల్లో దాని కింద నలుపు పట్టి వాసన వేస్తుంది.

మీ పిల్లల బడిలో ఎలా ఉందో తెలుసుకోవాలంటే ముందుగా చెప్పకుండా పన్నెండుంబావుకు వెళ్ళండి. వడ్డనకు ముందు పెద్దవాళ్ళు రుచి చూడాలన్న నియమం ఉంది. ఆ గరిటె అన్నం మీరే అడిగి తినండి, తర్వాత పిల్లలు లేచాక కంచాల్లో ఏం మిగిలిందో చూడండి.