మాయమైన అడ్వైజరీ: పదహారేళ్ల కారుతో నా నాలుగేళ్లు

ఈ కారు కొన్నది దాని ఎంఓటీ (బ్రిటన్‌లో కార్లకి ఏటా చేసే తప్పనిసరి పరీక్ష) రికార్డు చూసి. తర్వాత నన్ను నేను తిట్టుకున్నదీ ఆ రికార్డు చూసే. అందుకే ఇది సగం కారు గురించి, సగం రికార్డు గురించి. కంపెనీ పేరు రాయడం లేదు, జరిగినదాంట్లో వాళ్ల తప్పేం లేదు. జపాన్ వాళ్ల చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 2009 జూన్ రిజిస్ట్రేషన్. అంతే చాలు.

నేను ఇంగ్లండులో, స్విండన్‌లో నర్సుని. నైట్ డ్యూటీలు ఎక్కువ. పన్నెండున్నర గంటలు నిలబడి, పొద్దున చలిలో బస్సు కోసం మళ్లీ నిలబడటం ఒక చలికాలం చేశాక ఇక నా వల్ల కాలేదు. 2021 అక్టోబరులో పాత కార్ల రేట్లు మండిపోతున్న రోజుల్లో 1,950 పౌండ్లు పెట్టి దీన్ని కొన్నాను.

మన దగ్గర సొంత కారుకి పదిహేనేళ్లు నిండేదాకా పొల్యూషన్ సర్టిఫికెట్ తప్ప ఎవరూ కిందకి దూరి చూడరు. ఎఫ్‌సీలు, బ్రేకిన్‌స్పెక్టరు దగ్గర క్యూలు అన్నీ లారీలకీ ఆటోలకీ. మా నాన్న నెల్లూరులో సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు తెలిసిన మెకానిక్‌ని వెంటేసుకుని వెళ్లారు. ఆయన బానెట్ ఎత్తి, డిప్ స్టిక్ తీసి వాసన చూసి, తల ఊపాడు. అదే మాకు రిపోర్టు.

ఇక్కడ మూడేళ్లు నిండిన దాదాపు ప్రతి కారూ ఏటా ఎంఓటీ పరీక్షకి వెళ్లాల్సిందే. ఆ ఫలితాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంటాయి. నంబర్ ప్లేటు కొడితే చాలు, ఎవరి కారుదైనా పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. ఏ ఏడు ఎన్ని మైళ్లు, పాసా ఫెయిలా, దేనికి ఫెయిల్, పాసైనా కన్నేసి ఉంచమని టెస్టర్ రాసిన అడ్వైజరీలు ఏమిటి, అన్నీ. పెళ్లిచూపులకి ముందే జాతకం చేతికొచ్చినట్టు. మొదటిసారి తెరిచినప్పుడు నాకైతే వార్డులో కేస్ షీట్ పట్టుకున్నట్టే అనిపించింది. ఆ నెలంతా డ్యూటీ మధ్య విరామాల్లో కూర్చుని అమ్మకానికున్న కార్ల నంబర్లన్నీ కొట్టి చదివాను. మా వార్డులో నన్ను కార్ల డాక్టరమ్మ అని ఏడిపించేవాళ్లు.

నా కారు షీట్ చూస్తే ముచ్చటేసింది. 2012లో మొదటి టెస్టు, 15 వేల పైచిలుకు మైళ్లు. అక్కడి నుంచి ఏటా సుమారు ఐదు వేలు, ఎక్కడా వెనక్కి తిరగలేదు. 2016లో ముందు టైర్లు అరిగాయన్నారు, మరుసటేడు ఆ మాట లేదు. 2018లో ఒక ఫెయిల్: ముందు కాయిల్ స్ప్రింగు విరిగింది. అదే రోజు మార్చి పాస్ చేయించుకున్నారు. ఇక్కడి గుంతలకి స్ప్రింగులు విరగడం మామూలే కాబట్టి అది చూసి భయపడలేదు. 2018లోనే ఒక అడ్వైజరీ, వెనక బ్రేక్ పైపులకి కొద్దిగా తుప్పు. 2019లో మళ్లీ అదే మాట. 2020 జూన్‌లో టెస్టు లేదు. కోవిడ్ వల్ల ఆ వేసవిలో గడువు వచ్చిన కార్లకి ప్రభుత్వం ఆర్నెల్లు పొడిగించింది కదా, అందుకని డిసెంబరులో చేయించారు. క్లీన్ పాస్. నేను కొనే ముందు 2021 అక్టోబరులో అమ్మినాయన ఇంకోసారి చేయించాడు. అదీ క్లీన్. ఒక్క అడ్వైజరీ కూడా లేదు. పైగా 2019 జూన్ నుంచి కొన్ననాటికి తిరిగింది 1,600 మైళ్లే.

ఈ రెండు క్లీన్ పాసులు, ఈ 1,600 మైళ్లు చూసే నేను పడిపోయాను. పైపుల తుప్పు మాట కనపడటం లేదంటే మార్పించి ఉంటారు అనుకున్నాను. ‘అనుకున్నాను’ అన్న ముక్క గుర్తుంచుకోండి.

మొదటి రెండేళ్లు వంక పెట్టడానికేం లేదు. మైనస్‌లోనూ ఒక్క తిప్పుకి స్టార్టయ్యేది. వెనక సీటు మడిస్తే ఇరవై కిలోల బియ్యం బస్తాలు నాలుగు, మా ఆయన సైకిలు పట్టేవి. అప్పట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ‘ఎంఓటీ హిస్టరీ చదవడం వస్తే చాలు, మెకానిక్ అక్కర్లేదు’ అని చెప్పేదాన్ని. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. మొత్తం కాదు, సగం.

2024 జనవరి. రాత్రంతా గడ్డకట్టే చలి, రోడ్ల మీద ఉప్పు చల్లారు. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ దిగి కారెక్కాను. పార్కింగ్‌లోంచి బయటికొస్తున్నప్పుడే బ్రేకు పెడల్ కొంచెం లోతుగా దిగింది. నిద్ర లేని కాలు కదా, నాదే తేడా అనుకున్నాను. కోట్ రౌండెబౌట్ దగ్గరకొచ్చేసరికి ఇంకా దిగింది, పచ్చి పిండిలో కాలు పెట్టినట్టు. కారు ఆగుతోంది గానీ ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. క్వీన్స్ డ్రైవ్ మీదకి తిరిగాక డాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలిగింది. హ్యాండ్ బ్రేక్ దించడం మరిచానేమోనని చేత్తో తడిమాను. దించే ఉంది.

ఆ రోడ్డు తిన్నగా ఎక్కడికి పోతుందో స్విండన్ వాళ్లకి చెప్పక్కర్లేదు. మ్యాజిక్ రౌండెబౌట్. నడుమ ఒకటి, చుట్టూ ఐదు బుల్లి రౌండెబౌట్లు, 1972 నుంచి ఊరికొచ్చిన ప్రతివాడికీ పరీక్ష. బ్రేకులు బాగున్న రోజునే నేను అక్కడ రెండుసార్లు దండం పెట్టుకుంటాను. ఆ రోజు అంతదూరం పోలేదు. సెకండ్ గేరులో వేసి, పెడల్‌ని టకటకా తొక్కుతూ, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ ఒక పక్క సందులోకి తిప్పి పేవ్‌మెంటుకి ఆనించాను. ఇంజిన్ ఆపాక చూస్తే చేతులు వణుకుతున్నాయి. రాత్రి ఒక కార్డియాక్ అరెస్ట్ అయింది వార్డులో, అప్పుడు వణకని చేతులు.

బ్రేక్‌డౌన్ వ్యాన్ రావడానికి రెండు గంటలు పట్టింది. వచ్చినాయన యాభై దాటిన మనిషి, మాట తక్కువ. వెనక చక్రం పక్కన రోడ్డు మీద తడి చూపించాడు. కారు వెనక వైపు జాకీ మీద లేపి, పడుకుని టార్చి వేసి, నన్నూ వంగి చూడమన్నాడు. పైపు మీద నల్లగా, మందంగా పూత. చూడ్డానికి ఎంతో భద్రంగా ఉంది. స్క్రూడ్రైవర్ కొనతో గీకాడు. పూత తొనలా ఊడింది, దాంతోపాటే పైపు పైపొర. కింద ఉన్నది లోహంలా లేదు, తడిసిన బిస్కెట్‌లా ఉంది. ‘ఎవరో దీన్ని బాగు చెయ్యలేదు, కనపడకుండా చేశారు’ అన్నాడు. బ్రేకు ఆయిల్ రెండు వేర్వేరు దారుల్లో పోతుంది కాబట్టి ఒకటి కారిపోయినా రెండోది సగం బరువు మోసిందట. ఆ సందు దాకా వచ్చి ఆగింది ఆ సగంతోనే.

గ్యారేజీలో 310 పౌండ్లయింది. పైపు ఖరీదు తక్కువే, కానీ అది పెట్రోల్ ట్యాంకు మీదుగా పోతుంది. ట్యాంకు దించితే గానీ చెయ్యి పట్టదు, డబ్బంతా కూలీకే. ఈసారి తుప్పు పట్టని రాగి-నికెల్ పైపులు వేయించాను.

ఆ సాయంత్రం నెల్లూరుకి ఫోన్ చేస్తే నాన్న అంతా విని ఒకటే అడిగారు. ‘బ్రేకిన్‌స్పెక్టరు చూసి పాస్ చేశాడంటివి కదమ్మా?’ నా దగ్గర జవాబు లేదు.

రికార్డు మళ్లీ తెరిచాను. 2022లో నేనే ఇంకో గ్యారేజీలో చేయించిన టెస్టులో ఒక అడ్వైజరీ ఉంది: వెనక బ్రేక్ పైపులు గ్రీజు లాంటి పదార్థంతో కప్పి ఉన్నాయి. అప్పుడు చదివి, పోన్లే, ఎవరో జాగ్రత్తగా గ్రీజు రాశారు అని సంబరపడ్డాను! ఆ టెస్టర్ చెప్పింది ‘కప్పి ఉంది కాబట్టి నేను చూడలేకపోయాను’ అని. ఎంఓటీలో భాగాలు విప్పి చూడరు, కనపడినదే చూస్తారు. మా వార్డులోనైతే రాయనిది జరగనట్టే లెక్క. ఆ అలవాటుతో ఇక్కడా రాయలేదంటే లేదనే అనుకున్నాను.

ఇంకోటి. ఏ సెంటర్లో టెస్టు జరిగిందో కూడా అదే సైట్లో తెలుస్తుంది, కాకపోతే దానికి లాగ్‌బుక్ (మన ఆర్‌సీ లాంటిది) మీదుండే పదకొండు అంకెల నంబరు కావాలి. కొన్న రోజు నుంచీ నా దగ్గరే ఉన్న నంబరు. కొట్టి చూస్తే 2019 దాకా టెస్టులన్నీ ఒకే చోట. నేను కొనడానికి ముందరి రెండు క్లీన్ పాసులూ వేరే చోట. తప్పు చేశారని నేననను, పూత ఎప్పుడు పడిందో నాకు తెలీదు. కానీ అమ్మినాయన బల్ల మీద ఆ లాగ్‌బుక్ ఉండగా నేను టీ తాగుతూ కూర్చున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను మురిసిపోయిన ఆ తక్కువ మైళ్ల కథా అంతే. రెండేళ్లకి పైగా కారు ఎవరి ఇంటి ముందో తడిలో కదలకుండా నిలబడిందని అర్థం. మైళ్లు తగ్గినంత మాత్రాన తుప్పు ఆగదు కదా.

పోయినేడు మా వార్డుకి కొత్తగా వచ్చిన ఒంగోలు అమ్మాయికి కారు చూసిపెట్టాను. తను ముందు చూపించినదానికి మూడేళ్లుగా క్లీన్ షీటు. నేను ఎంచినదానికి ఏటా మూడో నాలుగో అడ్వైజరీలు. ‘అక్కా, ఇది రోగిష్టిదిలా ఉందే’ అంది. ప్రతి అడ్వైజరీ మరుసటేడు పోయింది, పోయిన ప్రతిదానికీ ఓనరమ్మ ఫైల్లో బిల్లు ఉంది, తొమ్మిదేళ్లూ ఒకే సెంటరు. బిల్లు లేకుండా ఏదైనా మాయమైతే మాత్రం నేనిప్పుడు అక్కడే ఆగిపోతాను. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ పరిస్థితి ఎంఓటీ చూడనే చూడదు, ఫైనాన్స్ బాకీ ఆ పేజీలో ఉండదు. కాబట్టి అంతా చేశాక కూడా ఒక మెకానిక్‌కి డబ్బులిచ్చి చూపించాం. నాన్న పద్ధతి చివరికి ఇక్కడా తప్పలేదు.

మరి ఈ కారు మంచిదేనా? నాకు మంచిదే. ఏటా తొమ్మిది వేల మైళ్ల దాకా నడుపుతాను, చాలావరకు ఊళ్లోనే, ఇంట్లో రెండో కారు లేదు, నెలనెలా కిస్తీ కట్టడం ఇష్టం లేదు. పైపులు కాకుండా నాలుగేళ్లలో టైర్లు, బ్యాటరీ, ఒక ఎగ్జాస్ట్ మార్చాను. రోజూ మోటర్‌వే మీద దూరం పోయేవాళ్లకీ, చిన్నపిల్లల్ని వెనక కూర్చోబెట్టుకునేవాళ్లకీ ఇంత పాతది కొనమని చెప్పే ధైర్యం నాకు లేదు. నేనైనా ఆ జనవరి పొద్దున మోటర్‌వే మీద ఉండుంటే ఇలా తీరిగ్గా రాసేదాన్ని కాదేమో.

ఈ అక్టోబరులో పాసైంది, ఒక అడ్వైజరీతో. ఎడమ వైపు వెనక కాయిల్ స్ప్రింగుకి తుప్పు. నవంబరు జీతం పడగానే రెండు వైపులా మార్పించాను. బిల్లు గ్లవ్ బాక్సులో పెట్టాను, పైపుల బిల్లు పక్కనే. వచ్చే అక్టోబరులో షీటు మీద ఆ గీత కనపడకపోతే, కొనేవాళ్లు అడిగినా అడక్కపోయినా తీసి చూపిస్తాను.