ఆర్డర్ లేటెన్సీ కొలవడానికి కర్ల్: చాలాకాలం వాడాక

షేర్ల ఆర్డర్ ఆలస్యంగా వెళ్తోందని బ్రోకర్‌కు చెబితే ముందు మన ఇంటర్నెట్‌నే అనుమానిస్తారు. ఆ మాటకు అంకెలతో జవాబివ్వగలిగింది కర్ల్ (టెర్మినల్ నుంచి వెబ్ రిక్వెస్టులు పంపే టూల్)లోని రైట్-అవుట్ ఆప్షన్ వల్లే. నాకు కర్ల్ మీద ఇంత ఇష్టం ఆ ఒక్క ఆప్షన్ కోసమే.

రిక్వెస్ట్‌కు పట్టిన సమయాన్ని అది ముక్కలు చేసి చూపిస్తుంది: డీఎన్‌ఎస్‌కు (పేరును బట్టి సర్వర్ అడ్రస్ వెతకడం) ఎంత, టీసీపీ కనెక్షన్‌కు (సర్వర్‌తో లైన్ కలపడం) ఎంత, టీఎల్‌ఎస్‌కు (ఆ లైన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకోవడం) ఎంత, మొదటి బైట్ రావడానికి ఎంత. ఇవన్నీ మొదటి నుంచి కూడుకుంటూ వచ్చే అంకెలు. టీఎల్‌ఎస్ ఒక్కదాని సమయం కావాలంటే యాప్‌కనెక్ట్ (టీఎల్‌ఎస్ పూర్తయ్యేదాకా పట్టిన సమయం) అంకెలోంచి కనెక్ట్ (టీసీపీ పూర్తయ్యేదాకా) అంకె తీసేయాలి. ఇది తెలియక మొత్తం నేరం టీఎల్‌ఎస్ మీద వేసేవాళ్లు చాలామంది.

దీని అసలు విలువ ఒక బ్రోకర్ ఏపీఐ (ప్రోగ్రామ్ నుంచి నేరుగా ఆర్డర్లు పెట్టే దారి) దగ్గర తెలిసింది. మార్కెట్ తెరిచే 9:15కు వరసగా వెళ్లే ఆర్డర్లు చకచకా వెళ్లేవి. మధ్యాహ్నం మార్కెట్ చప్పబడి, సిగ్నల్ ఎప్పుడో ఒకటి వచ్చే వేళ వెళ్లే ఆర్డరే లేటయ్యేది. సర్వర్ మీద లోడే కారణమైతే ఇది తిరగబడాలి కదా. అందుకే ఆర్డర్ బదులు ప్రొఫైల్ వివరాలు అడిగే మామూలు రిక్వెస్ట్‌ను ఒకే కర్ల్ కమాండ్‌లో పదేపదే పంపి చూశాను. మధ్యలో విరామానికి రేట్ ఆప్షన్ ఉంది. 30 సెకన్లకొకటి పంపితే రెండో రిక్వెస్ట్ నుంచి కనెక్ట్, యాప్‌కనెక్ట్ రెండూ సున్నాకు వచ్చేశాయి, అంటే పాత కనెక్షనే వాడుతోంది. 90 సెకన్లకొకటి పంపితే ప్రతిసారీ టీసీపీ, టీఎల్‌ఎస్ మళ్లీ మొదటి నుంచి. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను అవతలి లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) కొంతసేపటికి తెంపేస్తోంది. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) లోడ్ బ్యాలెన్సర్‌కు ఆ గడువు డిఫాల్ట్‌గా 60 సెకన్లు, ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కు 75.

రానూపోనూ 20 మిల్లీసెకన్లు పట్టే దారిలో టీసీపీకి ఒక రౌండ్, టీఎల్‌ఎస్ 1.3కు ఇంకొకటి. ఆర్డర్ కదలకముందే 40 పోయాయి. టీఎల్‌ఎస్ 1.2 అయితే 60. పైథాన్‌లో సెషన్ (ఒకే కనెక్షన్‌ను తెరిచి ఉంచి మళ్లీ వాడేది) లేకుండా రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడేవాళ్లు ఈ జరిమానా ప్రతి ఆర్డర్‌కూ కడుతున్నట్టే. మందు సులభం: సెషన్ వాడి, అదే సెషన్ మీద 30 సెకన్లకోసారి ఒక తేలికపాటి రిక్వెస్ట్ పంపుతుండాలి.

అయితే ఈ కొలత బ్రోకర్ ఆర్డర్ నంబర్ ఇచ్చేదాకానే. ఆ నంబర్ వచ్చినంత మాత్రాన ఆర్డర్ ఎక్స్ఛేంజ్‌కు చేరినట్టు కాదు. రిస్క్ చెకింగ్ దాటి స్టేటస్ 'ఓపెన్' అయ్యేసరికి ఇంకొంత పడుతుంది. అది తెలియాలంటే వెబ్‌సాకెట్‌లో (సర్వర్ తనంతట తానే కబురు పంపే తెరిచిన కనెక్షన్) ఆర్డర్ అప్‌డేట్ వచ్చిన క్షణాన్ని అదే మెషీన్‌లో అదే గడియారంతో నమోదు చేయాలి. మార్జిన్ చాలక రిజెక్టయినవి బ్రోకర్ దగ్గరే ఆగిపోతాయి, వాటిని లెక్కలోంచి తీసేయాలి.

నాకు కోపం తెప్పించేది ఆర్డర్‌బుక్‌లోని ఎక్స్ఛేంజ్ టైమ్. ఎన్‌ఎస్‌ఈ ఎంతో సూక్ష్మంగా ముద్ర వేస్తే, నేను చూసిన ఏపీఐల్లో మన చేతికొచ్చేది సెకన్ల వరకే. దాన్నీ వాడుకోవచ్చు. ముందు క్రోనీ అనే ప్రోగ్రామ్‌తో గడియారం సరిచేయాలి (ఏడబ్ల్యూఎస్‌లో టైమ్ సర్వర్ 169.254.169.123), ఆఫ్‌సెట్ (గడియారంలో మిగిలిన తేడా) మిల్లీసెకన్‌లోపు ఉండాలి. ఒక్క షేరుకు, ధరకు మూడు నాలుగు శాతం కింద లిమిట్ ఆర్డర్ పెట్టి వెంటనే క్యాన్సిల్ చేయాలి. ఒకసారి సెకను మొదలయ్యాక 900 మిల్లీసెకన్ల దగ్గర, తర్వాత 910, 920 దగ్గర. ఏ అంకె దగ్గర ఎక్స్ఛేంజ్ టైమ్ తర్వాతి సెకనుకు దూకిందో చూడాలి. 960 దగ్గర దూకితే ఒక వైపు ప్రయాణం సుమారు 40. సెకను మారే గీతకు దగ్గర్లో ఫలితం రెండు వైపులా ఊగుతుంది కాబట్టి ప్రతి అంకె దగ్గరా కొన్నిసార్లు పంపి, ఎక్కువసార్లు ఎటు పడిందో అదే తీసుకోవాలి.

నా సిగ్నళ్లు నిమిషం క్యాండిళ్ల మీదివి, సర్వర్ ముంబై క్లౌడ్‌లో ఉంది. నా అవసరానికి ఇది సరిపోయింది. ఎన్‌ఎస్‌ఈ కోలొకేషన్‌లో (ఎక్స్ఛేంజ్ పక్కనే సొంత సర్వర్ పెట్టుకుని) మైక్రోసెకన్లు లెక్కపెట్టేవాళ్లకు హార్డ్‌వేర్ టైమ్‌స్టాంపులే కావాలి, కర్ల్ పనికిరాదు. ఇంటి వైఫై మీద కొలిస్తే ఆ ఊగిసలాటలోనే అసలు అంకె మునిగిపోతుంది. ఏపీఐతో ఆల్గో నడిపేవాళ్లకు 2025 ఫిబ్రవరి సెబీ సర్క్యులర్ వల్ల స్టాటిక్ ఐపీ ఎలాగూ తప్పదు. అందుకోసం క్లౌడ్‌కు వెళ్లే మనవాళ్లు సొంతూరని 2022లో వచ్చిన ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ ఎంచుకోకండి. అక్కడి నుంచి ఎక్స్ఛేంజ్ ఉన్న ముంబై 600 కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లే వెళ్తుంది, అంటే రానూపోనూ 6 మిల్లీసెకన్లకు తగ్గడం ఎవరి వల్లా కాదు.