టాటెన్‌హామ్ కొత్త స్టేడియం: నిర్మాణానికి 5కు 5 మార్కులు, జట్టు ఖర్చుకు 3

ఉత్తర లండన్‌లో 2019 ఏప్రిల్‌లో ప్రారంభమైన టాటెన్‌హామ్ హాట్‌స్పర్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియం, ఫుట్‌బాల్ చూడటానికి ఇంగ్లండ్‌లో ఉన్న అత్యుత్తమ స్థలాల్లో ఒకటని నా అభిప్రాయం. మొత్తం 62,850 సీట్లలో దాదాపు 17,500 దక్షిణ స్టాండ్‌లోనే ఉన్నాయి. అంతస్తులుగా విడిపోకుండా గోల్ వెనుక ఏకంగా పైకి లేచే ఆ స్టాండ్ నుంచి వచ్చే హోరు మైదానం మొత్తాన్ని కమ్మేస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఉన్న రోజుల్లో అసలు పచ్చిక మూడు భాగాలుగా పక్కకు జరిగి, అడుగున ఉన్న కృత్రిమ మైదానం బయటపడుతుంది. ఆట లేని రోజుల్లోనూ ఆదాయం రావాలన్న ఆలోచన ఈ నిర్మాణమంతటా కనిపిస్తుంది.

అయితే టికెట్ ధరలో జట్టు నాణ్యత కూడా కలిసి ఉంటుంది కనుక, నిర్మాణానికి తెచ్చిన డబ్బు జట్టుపై ఎలాంటి ప్రభావం చూపిందో పరిశీలించాలి. సుమారు 100 కోట్ల పౌండ్ల ఖర్చుతో పని సాగుతున్నప్పుడు, 2018 వేసవిలో గానీ 2019 జనవరిలో గానీ క్లబ్ ఒక్క కొత్త ఆటగాణ్ణి కూడా తీసుకోలేదు. ఆ జట్టే 2019లో యూరప్ అగ్ర క్లబ్‌ల పోటీ అయిన చాంపియన్స్ లీగ్ ఫైనల్ చేరడం అప్పటి కోచ్ పోచెట్టినో గొప్పతనం. కానీ జట్టులోకి కొత్త రక్తం ఎక్కించకపోవడం వల్ల జరిగిన నష్టం ఆ తర్వాతి నెలల్లోనే బయటపడింది, నవంబరులో ఆయన పదవే పోయింది.

ఇక్కడ అప్పును మాత్రమే నిందించడం న్యాయం కాదు. 2019లో క్లబ్ 63.7 కోట్ల పౌండ్ల రుణాన్ని సగటున 2.66 శాతం వడ్డీకి, దాదాపు 23 ఏళ్ల గడువుకు మార్చుకుంది. 2006లో ఎమిరేట్స్ అనే కొత్త స్టేడియంలోకి మారిన పొరుగు క్లబ్ ఆర్సెనల్ 5 శాతానికి పైగా వడ్డీ కడుతూ, ఫాబ్రెగాస్, నస్రీ, వాన్ పెర్సీ లాంటి మేటి ఆటగాళ్లను వదులుకుని, 2005 తర్వాత 2014 వరకు ఒక్క ప్రధాన ట్రోఫీ కూడా గెలవలేకపోయింది. టాటెన్‌హామ్ మీద అంతటి భారం లేదు. పైగా క్లబ్‌ల నష్టాలకు పరిమితి పెట్టిన ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్, స్టేడియం తరుగుదలను (ఏటా తగ్గే దాని విలువను) ఆ లెక్కలో చేర్చలేదు కనుక, నిబంధనల రీత్యా కూడా జట్టు ఖర్చుకు వెసులుబాటు మిగిలింది. 2020లో మహమ్మారి స్టాండ్లను ఖాళీ చేసిన మాట నిజమే. కానీ 2022-23లో ఆదాయం సుమారు 55 కోట్ల పౌండ్లకు చేరినా జీతాలు 25 కోట్ల దగ్గరే ఆగాయి. ఆటగాళ్లను ఇతర క్లబ్‌ల నుంచి కొనే బదిలీ రుసుములకు డబ్బు పోసి జీతాల దగ్గర చేయి బిగించే క్లబ్‌కు అగ్రశ్రేణి ఆటగాళ్లు దొరకడం కష్టం, అది యాజమాన్యం ఎంచుకున్న దారే గాని అప్పు విధించిన షరతు కాదని నా నమ్మకం.

2025లో యూరప్ క్లబ్‌ల రెండో శ్రేణి పోటీ అయిన యూరోపా లీగ్ గెలిచిన రాత్రి అభిమానులు పడిన ఆనందం నాకూ దక్కింది. అయినా అదే సీజన్‌లో 20 జట్ల ప్రీమియర్ లీగ్‌లో 17వ స్థానంలో నిలవడం ఈ ధరలకు తగిన ఫలితం కాదు. లండన్ వెళ్లేవారు ఒక్క మ్యాచ్‌కైనా తప్పక వెళ్లండి. సీజన్ టికెట్ తీసుకోవాలనుకునేవారు మాత్రం క్లబ్ వార్షిక లెక్కల్లో జీతాల పద్దును ఒకసారి చదివి నిర్ణయించుకోండి.