ఆటగాళ్లకు విపశ్యన శిబిరం పనికొస్తుందా?

విపశ్యన ధ్యాన శిబిరం పేరుకు పది రోజులే గానీ క్యాలెండర్‌లో పన్నెండు రోజులు ఖాళీ పెట్టుకోవాలి. ముందురోజు మధ్యాహ్నం చేరితే పదకొండో రోజు పొద్దున వదులుతారు. ఈలోపు పరుగు లేదు, జిమ్ లేదు, యోగాసనాలకు కూడా ఒప్పుకోరు. విరామంలో ఆవరణలో నడవడం ఒక్కటే వ్యాయామం. కాబట్టి పోటీలు దగ్గరపడ్డవాళ్లు దీని జోలికి పోకూడదు, సీజన్ ముగిశాక వెళ్లాలి. కండబలం పన్నెండు రోజుల్లో పెద్దగా తరగదు గానీ దమ్ము తరుగుతుంది. రక్తంలో ప్లాస్మా (ద్రవభాగం) తగ్గడంతో, తిరిగొచ్చి పాత వేగంతో పరిగెత్తితే గుండె మునుపటికన్నా ఎక్కువ కొట్టుకుంటుంది. మొదటి వారం మామూలు దూరంలో సగంతో సరిపెట్టుకుంటే మంచిది.

ఇక్కడ చెప్పేది విపశ్యన గురువు ఎస్.ఎన్. గోయెంకా సంప్రదాయంలో నడిచే శిబిరాల గురించి. మహారాష్ట్రలోని ఇగత్‌పురి ధమ్మగిరి కేంద్రానికి వెళ్లినా, హైదరాబాద్ ధమ్మ ఖేత్త కేంద్రానికి వెళ్లినా దినచర్య ఒకటే: తెల్లవారుజామున 4కు గంట, 4:30కు ధ్యానం మొదలు, రాత్రి 9:30కు లైట్లు బంద్. రోజుకు పదిన్నర గంటలకు పైగా కూర్చోవడమే. రుసుము లేదు, విరాళం కూడా శిబిరం పూర్తిచేసినవాళ్ల దగ్గరే తీసుకుంటారు.

ఆటగాళ్లకు మొదటి దెబ్బ తుంటి దగ్గర తగులుతుంది. పరుగు, ఫుట్‌బాల్ వాళ్లకు తుంటి ముందు కండరాలు, తొడ వెనక కండరాలు బిగిసి ఉంటాయి. బాసింపట్టు వేస్తే మోకాళ్లు గాల్లో నిలుస్తాయి, నడుము గూనిలా వంగుతుంది, రెండో రోజుకల్లా వీపు పట్టేస్తుంది. పిరుదుల కింద ఎత్తు పెంచి మోకాళ్లు తుంటికన్నా కిందికి దిగేలా చూసుకోవాలి. అప్పటికీ నేలకు ఆనని మోకాలి కింద చిన్న దిండు దూర్చాలి. వెళ్లే ముందు నెల రోజులు ఇంట్లో 20 నిమిషాలతో మొదలుపెట్టి 45 దాకా పెంచుకుంటే చాలా బాధ తప్పుతుంది. మోకాలిలో ఏసీఎల్ (లిగమెంట్), మెనిస్కస్ (మృదులాస్థి) ఆపరేషన్ అయినవాళ్లు ఆ సంగతి దరఖాస్తులోనే రాసి, మొదటి రోజే కుర్చీ అడగాలి. నామోషీ పడితే నష్టపోయేది మోకాలే.

మొదటి మూడు రోజులు ఆనాపాన, అంటే ముక్కుపుటాల దగ్గర శ్వాసను గమనించడం. నాలుగో రోజు విపశ్యన, అంటే ఒంట్లో కలిగే అనుభూతులను గమనించడం నేర్పుతారు. అప్పటినుంచి రోజుకు మూడుసార్లు గంటసేపు అధిష్ఠానం: కళ్లు తెరవకూడదు, కాళ్లూ చేతులూ కదపకూడదు. ఆటగాళ్లు సరిగ్గా ఇక్కడే పప్పులో కాలేస్తారు. ప్లాంక్ పోటీలాగా పళ్లు బిగించి గంట లాగేసి, గెలిచామనుకుంటారు. ఆ గంటలో చూడాల్సినవి వేరు: నొప్పి లేవగానే దవడ ఎలా బిగుస్తోంది, ఊపిరి ఎక్కడ ఆగుతోంది, ‘ఇంకెంతసేపు’ అన్న లెక్క ఎప్పుడు మొదలవుతోంది. అలాగని మోకాలి లోపల పొడుస్తుంటే ఓర్చుకోవాల్సిన పనిలేదు, వెంటనే భంగిమ మార్చాలి. మామూలు తిమ్మిరి నాలుగడుగులు వేస్తే పోతుంది, గాయం పోదు.

పక్కన కూర్చుని దారి చూపే గురువును ఆశించి వెళ్తే మాత్రం నిరాశే. బోధన అంతా 2013లో కన్నుమూసిన గోయెంకా గారి రికార్డింగుల్లోనే నడుస్తుంది. ఎదురుగా ఉండే సహాయ ఆచార్యులతో మధ్యాహ్నం 12, 1 మధ్య కాసేపు మాట్లాడొచ్చు. ఆట సమస్యలు చెప్పినా వాళ్ల జవాబు సాధన దాటి పోదు: వణుకు వస్తే వణుకును చూడమంటారు, అంతే. కోచ్ ఫిల్ జాక్సన్ 1990ల్లో చికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు తెచ్చిన ధ్యాన శిక్షకుడు జార్జ్ మమ్‌ఫోర్డ్‌లా జట్టుతో కలిసి పనిచేసే మనిషి ఇక్కడ దొరకడు.

అయినా ఆ పొడి జవాబులో సరుకుంది. పట్టుబడి బయట కూర్చున్న కబడ్డీ రైడర్‌కు చెవులు వేడెక్కుతాయి. మళ్లీ లోపలికి రాగానే ఆ కసితోనే బోనస్ గీత మీదికి దూకి దొరికిపోతాడు. వేడిని చెవి దగ్గరే పసిగట్టడం వచ్చినవాడికి రైడ్‌లోని 30 సెకన్లలో డిఫెండర్ల కాళ్లు కనిపిస్తాయి. శిబిరం తర్వాత పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు. రెండు పూటలా ప్రాక్టీసు ఉన్నవాళ్లకు అది కుదిరే పని కాదు గానీ, పొద్దుటి గంటైనా వదలకూడదు.

తిండి శాకాహారం. మధ్యాహ్న భోజనం 11కే పెట్టేస్తారు, సాయంత్రం 5కు కొత్తవాళ్లకు టీ, పండ్లలాంటి తేలికపాటివి దొరుకుతాయి. రాత్రి భోజనం లేదు కదా అని 11కు దట్టించారో, ఒంటిగంట ధ్యానం కాస్తా కునుకైపోతుంది.

నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షల జాబితాలో ఉన్నవాళ్లు ఇంకొకటి మరవకూడదు. శిబిరంలో ఫోన్ అప్పగించాలి కాబట్టి, ఎక్కడుంటారన్న వివరాల్లో ముందే శిబిరం చిరునామా, రోజువారీ 60 నిమిషాల స్లాటు నింపి వెళ్లాలి. 12 నెలల్లో మూడుసార్లు వివరాలో పరీక్షో తప్పితే డోపింగ్ ఉల్లంఘన కిందికే వస్తుంది. స్లాటును మధ్యాహ్నం 12, 1 మధ్య విశ్రాంతి వేళకు పెట్టుకుని, శాంపిల్ కోసం ఎవరైనా రావచ్చని నిర్వాహకులకు చేరిన రోజే చెప్పి ఉంచాలి.