రెండోసారి హెడ్ దించాల్సి వచ్చింది: ఆటోనగర్ షెడ్డులో నా అనుభవం

నాది డీజిల్ పికప్. తెల్లవారకముందే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల పెట్టెలు ఎక్కించుకుని ఎస్.కోట మీదుగా అరకు వెళ్తాను. పోయిన వేసవిలో అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా రేడియేటర్ గొట్టం చిట్లి, టెంపరేచర్ ముల్లు చివరికి పోయింది. ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ, కింది బ్లాకుకీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నారు. ఊళ్లో ఒక మెకానిక్ ఒక్క రోజులో మార్చేశారు. పానాకి పొడుగు పైపు తొడిగి, చేతి అంచనాతో గట్టిగా బిగించడం నా కళ్లారా చూశాను. గట్టిగా ఉంటే మంచిదే కదా అనుకున్నాను. ఆరు వారాలు తిరక్కుండానే రేడియేటర్‌లో బుడగలు, వెనక తెల్ల పొగ, ఆయిల్ చూసే డిప్‌స్టిక్ మీద పాల టీ రంగు జిడ్డు. అంటే గ్యాస్కెట్ మళ్లీ పోయినట్టే.

తోటి డ్రైవర్ చెబితే గాజువాక ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి తీసుకెళ్లాను. దీనికి బోర్డు లేదు. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. వెళ్లగానే విప్పేస్తారనుకుంటే, "ఇంజిన్ చల్లారనీ బాబూ, రేపు పొద్దున్న విప్పుదాం" అన్నారు. విప్పడానికి కూడా వరస ఉంటుందట. చివరి బోల్టుల నుంచి మొదలుపెట్టి మధ్యకి వస్తూ, ఒక్కోటీ కొంచెం కొంచెంగా వదులు చేశారు. ఒకేసారి ఒక పక్క వదిలేస్తే హెడ్ వంగిపోతుందని చెప్పారు.

హెడ్ మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి నాకే చూపించారు. రెండో, మూడో సిలిండర్ల మధ్య రేకు సులువుగా దూరిపోయింది, అంటే హెడ్ అక్కడ వంగింది. దాన్ని చదును చేసే ఫేసింగ్‌కి లేత్ షాపుకి పంపారు. ఈలోగా బ్లాకులో బోల్టు రంధ్రాల్లో ట్యాప్ అనే మరల పనిముట్టు నడిపి, గాలి కొట్టి శుభ్రం చేశారు. అడుగు మూసుకున్న రంధ్రంలో ఆయిలో నీళ్లో మిగిలితే, బోల్టు దిగేటప్పుడు వాటికి పోయే దారి ఉండదు. బిగుతు వచ్చినట్టే అనిపిస్తుంది కానీ హెడ్‌ని నొక్కదు, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. పాత బోల్టుల పక్కన కొత్తవి పెడితే పాతవి కాస్త పొడుగ్గా ఉన్నాయి. బోల్టు సాగి, ఆ లాగుడుతోనే హెడ్‌ని పట్టి ఉంచుతుందట. ఈ రకం ఒకసారి సాగాక మళ్లీ వాడకూడదని, కొత్త సెట్టు తెస్తేనే పని మొదలుపెడతానని కచ్చితంగా చెప్పారు.

ఇక బిగించడం. దీని కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

మొత్తం పది బోల్టులు. మాన్యువల్‌లోని వరసను సుద్దముక్కతో రేకు మీద రాసుకున్నారు. మధ్యలోంచి మొదలై అటొకటి ఇటొకటిగా బయటికి. మరలకి, తల కింద వాషర్‌కి పల్చగా ఆయిల్ రాశారు. మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోతుందట, హెడ్‌ని నొక్కేది సుమారు పదో వంతే. అందుకే పొడి బోల్టుకీ తడి బోల్టుకీ టార్క్ రెంచ్‌లో (తిప్పే బలాన్ని కొలిచే పానా) ఒకే అంకె పెట్టినా నొక్కుడు ఒకటి కాదు. ఇది విన్నాకే చేతి అంచనా ఎందుకు పనికిరాదో నాకు అర్థమైంది.

మొదట పదింటినీ తక్కువ టార్క్‌కి, తర్వాత అదే వరసలో పూర్తి టార్క్‌కి బిగించారు. పెట్టిన అంకెకి చేరి రెంచ్ 'టక్' అనగానే చెయ్యి ఆగిపోయేది. మధ్యలో ఆగకుండా ఒకే లాగుడు. ఆగి మళ్లీ లాగితే బోల్టు కదలకముందే టక్ అనొచ్చట. చివరికి ప్రతి తల మీదా తెల్ల పెయింటు చుక్క పెట్టి 90 డిగ్రీలు తిప్పారు. పది చుక్కలూ ఒకే పక్కకి తిరిగి ఉంటే ఆయన ముఖంలో సంతోషం చూడాలి. ఫోన్ రెండుసార్లు మోగినా తియ్యలేదు. పనయ్యాక రెంచ్‌ని కనిష్ఠ అంకెకి వదులు చేసి పెట్టెలో పెట్టారు. మీ బండి అంకెలు, వరస మాత్రం మీ ఇంజిన్ మాన్యువల్ ప్రకారమే పోవాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండున్నర రోజులు పట్టింది, నాకు మూడు ట్రిప్పులు పోయాయి. కూర్చోడానికి చోటు లేదు. లేబర్ 7,500, లేత్ ఖర్చు వేరు. మొదటి మెకానిక్‌కి ఇచ్చింది నాలుగు వేలే. బిల్లు నోట్‌బుక్ కాగితం మీదే అయినా, వాషర్‌తో సహా ప్రతి వస్తువూ ధరతో రాసిచ్చారు.

ఐదు నెలలైంది. నిండు లోడుతో ఘాట్ ఎక్కుతున్నా ముల్లు సగం దాటలేదు, కూలెంట్ తగ్గలేదు. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. ఇంజిన్ నంబరు రాసుకెళ్తే బోల్టుల సెట్టు, గ్యాస్కెట్ ఎక్కడ తేవాలో ఆయనే చెబుతారు. పాత గ్యాస్కెట్ మాత్రం పారేయకండి, కొత్తదాని మందం సరిచూడటానికి అడుగుతారు.