నార్మలైజా, కంప్రెసరా?

విజయనగరంలో తప్పెటగుళ్లు అనే జానపద నృత్యాన్ని రికార్డు చేశాను. గుండెల మీద రేకు తప్పెటల మోత ఒక ఎత్తు, దాని కింద నలిగిపోయే గురువుగారి గొంతు ఒక ఎత్తు.

ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో నార్మలైజ్ క్లిప్ మొత్తాన్ని ఒకే కొలతలో పెంచుతుంది. ఒక్కరే మాట్లాడే ఇంటర్వ్యూకి అది చాలు. ఇక్కడ మాత్రం తప్పెట దెబ్బ అప్పటికే మైనస్ 1 డీబీ (డెసిబెల్) దగ్గర, అంటే దాదాపు గరిష్ఠ హద్దులో ఉంటే గొంతు ఇసుమంతైనా లేవదు.

కంప్రెసర్ అలా కాదు. థ్రెషోల్డ్, అంటే మనం పెట్టిన హద్దు దాటిన శబ్దాన్నే అణుస్తుంది. రేషియో (అణిచే నిష్పత్తి) 3:1 పెడితే ఆ హద్దు మీద 6 డీబీలు పైకెగిరిన దెబ్బ 2 దగ్గరే ఆగుతుంది. ఆ మిగిలిన జాగాలోకి గొంతును పెంచుకోవచ్చు. అందుకే నా ఓటు దీనికే. నార్మలైజ్ ఆ తర్వాతే. అయితే అటాక్ టైమ్ (కంప్రెసర్ అణచడానికి తీసుకునే సమయం) మరీ తగ్గించకండి, రేకు ఖంగుమనే తొలి చప్పుడు చచ్చిపోతుంది. నాకు ఆ చప్పుడంటే ప్రాణం.